తొంభై డిగ్రీల చూపు

1954లో స్వీడన్‌లోని హాసెల్‌బ్లాడ్ కంపెనీ ఒక వింత కెమెరాను బయటికి తెచ్చింది. ఆ కంపెనీకి అప్పటికే పేరు తెచ్చిన కెమెరాల్లో లెన్సుకూ ఫిల్ముకూ మధ్య ఏటవాలుగా ఒక అద్దం ఉండేది. లెన్సు చూస్తున్న దృశ్యాన్నే అది పైకి మళ్లించి ఫొటోగ్రాఫరుకు చూపించేది. కొత్త కెమెరాలో ఆ అద్దం లేదు. ముందు బరువైన లెన్సు, వెనక ఫిల్ము డబ్బా, రెంటినీ కలుపుతూ పలచని పెట్టె, నెత్తిన విడిగా ఒక వ్యూఫైండరు. అంతే. లెన్సును చూసుకుని దానికి తగ్గట్టు కెమెరాను కట్టారన్నమాట.

ఆ లెన్సు పేరు బయోగాన్. నాభ్యంతరం 38 మి.మీ., గరిష్ఠ అపర్చర్ ఎఫ్/4.5. తయారుచేసింది జర్మనీకి చెందిన జైస్ సంస్థ. రూపకర్త లుడ్విగ్ బెర్టెలె. ఆయన స్విట్జర్లాండులోని వైల్డ్ సంస్థ కోసం విమానాల నుంచి నేలను సర్వే చేసే అవియోగాన్ లెన్సులకు కూడా రూపకల్పన చేశాడు. బయోగాన్‌లో 8 గాజు కటకాలు 5 గుంపులుగా ఉంటాయి. ముందూ వెనకా ఉన్న పెద్ద కటకాలు బయటివైపు ఉబ్బి ఉంటాయి. వెనక కటకం ఫిల్ముకు ఎంత దగ్గరగా వస్తుందంటే, ఇక అక్కడ అద్దం ఊగడానికి చోటే మిగలదు. అద్దాన్ని తీసేయడానికి కారణం అదే.

ఫిల్ము మీద పడే ఫ్రేము 56 మి.మీ. చదరం. మామూలు 35 మి.మీ. ఫిల్ము ఫ్రేముకు మూడున్నర రెట్లకు పైగా వైశాల్యం. ఇలాంటి కెమెరాలనే మీడియం ఫార్మాట్ అంటారు. 38 మి.మీ. లెన్సు ఈ చదరం మీద ఒక పక్క నుంచి మరో పక్కకు సుమారు 73 డిగ్రీలు, మూల నుంచి ఎదుటి మూలకు సుమారు 92 డిగ్రీలు చూస్తుంది. గీతలు వంగకుండా, మూలలు మసకబారకుండా ఇంత వెడల్పు చూపడమే బయోగాన్ గొప్పతనం. 1959లో ఈ కెమెరా సూపర్ వైడ్ సి రూపం తీసుకుంది. 1980లో, 1988లో, 2001లో చిన్న చిన్న మార్పులతో కొత్త రకాలు వచ్చాయి. 1966 జులైలో జెమినీ 10 వ్యోమనౌక నుంచి బయటికి వచ్చిన మైకేల్ కాలిన్స్ దగ్గర నుంచి జారి రోదసిలో కలిసిపోయింది ఒక సూపర్ వైడే. భవనాలను ఫొటో తీసేవాళ్లు దీన్ని దశాబ్దాల పాటు వదల్లేదు. అమెరికన్ ఫొటోగ్రాఫరు లీ ఫ్రీడ్‌లాండర్ 1990లలో దీన్ని చేపట్టి చదరపు చిత్రాల వైపు మళ్లాడు.

ఈ అధ్యాయంలో మనకు కావలసింది ఆ లెన్సు కాదు, దాని ముందు తగిలించే రెండు చిన్న వస్తువులు: హుడ్డు, ఫిల్టరు. దుకాణంలో వీటిని ఉపకరణాల అరలో పెడతారు. 250 మి.మీ. టెలిఫొటో లెన్సు విషయంలో అది నిజమే. కానీ 90 డిగ్రీలు దాటి చూసే లెన్సు ముందు ఏది తగిలించినా అది లెన్సులో భాగమైపోతుంది. దాని లోతు, మందం, ఆకారం అన్నిటికీ కోణం లెక్క చెప్పాల్సి వస్తుంది.

అక్కర్లేని వెలుగు

ఫ్రేములో పడే దృశ్యం నుంచి వచ్చే వెలుగు ఒక్కటే లెన్సుకు కావాలి. కానీ లెన్సు ముందు గాజు మీద ఎదురుగా ఉన్న సగం ప్రపంచం నుంచి వెలుగు పడుతుంది. పక్కనున్న తెల్లగోడ, నెత్తిమీది ఆకాశం, ఫ్రేముకు కాస్త అవతల ఉన్న సూర్యుడు, అన్నీ గాజును తాకుతాయి. ఆ వెలుగు నేరుగా ఫిల్మును చేరలేదు. కటకాల మధ్య పరావర్తనం చెంది, లెన్సు గొట్టం లోపలి గోడలను తాకి, చెల్లాచెదురై చివరికి ఫిల్మంతా పలచగా పరుచుకుంటుంది.

దీని నష్టాన్ని చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక దృశ్యంలో నల్లగుడ్డ వెలుగు 1 పాలు, తెల్లకాగితం వెలుగు 100 పాళ్లు అనుకుందాం. అక్కర్లేని వెలుగు ఫిల్మంతా సమంగా 3 పాళ్లు కలిసిందనుకుందాం. ఇప్పుడు నలుపు 4, తెలుపు 103. నిష్పత్తి 100:1 నుంచి సుమారు 26:1కి పడిపోయింది. తెలుపుకు కలిగిన నష్టం కంటికి ఆనదు. నీడల్లోని వివరం మాత్రం పాలిపోతుంది. పాత ఫొటోలు కొన్ని బూడిద పూసినట్టు కనిపించడానికి లెన్సు పదును లేకపోవడం కన్నా ఇదే తరచు కారణం.

సూర్యుడి లాంటి చిన్న, తీక్షణమైన కాంతి మూలం ఉన్నప్పుడు మరో రకం తంటా వస్తుంది. కాంతి ఒక గాజు ఉపరితలం మీద వెనక్కి, మరో ఉపరితలం మీద మళ్లీ ముందుకు తిరిగి ఫిల్మును చేరితే ఒక దొంగబొమ్మ ఏర్పడుతుంది. సూపర్ వైడ్ సి లెన్సు అపర్చరుకు ఐదు రేకులు. అందుకే దాని ఫొటోల్లో దొంగబొమ్మలు తరచు పంచభుజాలుగా కనిపిస్తాయి.

చూరు ఎంత పొడుగుండాలి?

ఎండ కళ్లలో పడితే మనం అరచేయి అడ్డం పెట్టుకుంటాం. హుడ్డు చేసే పని అదే. ఇంటి చూరు లాంటిది అది. పొడుగయ్యేకొద్దీ ఎండను బాగా ఆపుతుంది. మరీ పొడుగైతే కిటికీలోంచి ఆకాశమే కనబడదు. ఎంత పొడుగు సరి అన్నది లెన్సు చూపు కోణం నిర్ణయిస్తుంది.

హైస్కూల్లో చదివిన టాన్ తీటా ఇక్కడ చాలు. ఫ్రేములో సగాన్ని నాభ్యంతరంతో భాగిస్తే హుడ్డు గోడ ఎంత వాలుగా తెరుచుకోవాలో తెలుస్తుంది. 250 మి.మీ. లెన్సుకు పక్కల దగ్గర ఆ విలువ 0.11, మూలల దగ్గర 0.16. అంటే హుడ్డు 10 సెం.మీ. ముందుకు సాగినా మూలవైపు 1.6 సెం.మీ. తెరుచుకుంటే చాలు. సన్నని పొడవాటి గొట్టం పెట్టవచ్చు. 80 మి.మీ. లెన్సుకు ఆ విలువలు 0.35, 0.49. మన 38 మి.మీ. బయోగాన్‌కు 0.74, 1.04. మూలవైపు హుడ్డు ఎంత ముందుకు సాగితే దానికన్నా కాస్త ఎక్కువే బయటికి తెరుచుకోవాలి. కాబట్టి దాని హుడ్డు గొట్టంలా ఉండే వీల్లేదు. లోతు తక్కువైన పళ్లెం లాగా పరుచుకుంటుంది. తెలియనివాళ్లు చూసి ఇదేం ఆపుతుందిలే అనుకుంటారు.

నిజంగా ఎంత ఆపుతుంది? దీనికి ఘనకోణం లెక్క వేయాలి. లెన్సు ఎదుట ఉన్న అర్ధగోళాన్ని 100 భాగాలు అనుకుంటే 250 మి.మీ. లెన్సుకు కావలసింది అందులో ఒక భాగం కూడా కాదు, సుమారు 0.8. మిగతా 99 భాగాల వెలుగూ దానికి పనికిరానిదే. 80 మి.మీ. లెన్సుకు కావలసింది 7 భాగాలు. 38 మి.మీ. బయోగాన్‌కు 23 భాగాలు. ఆదర్శవంతమైన హుడ్డు పెట్టినా ఆ 23 భాగాల్లోని వెలుగును ఆపకూడదు. వైడ్ యాంగిల్ ఫొటోల్లో ఆకాశం ఎప్పుడూ ఉంటుంది, కొన్నిసార్లు సూర్యుడే ఉంటాడు. వాటిమీద హుడ్డుకు అధికారం లేదు. అయినా మిగతా 77 భాగాలు ఆపగలిగితే అది చిన్న లాభం కాదు.

ఆకారం సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. ఫ్రేము చదరం. గుండ్రటి హుడ్డు పెడితే అది మూలలను కోయకుండా ఉండేటంత వెడల్పు ఉండాలి. అప్పుడు నాలుగు పక్కలా అవసరానికి మించి తెరుచుకుంటుంది. లెక్క వేస్తే గుండ్రటి హుడ్డు 31 భాగాల వెలుగును లోపలికి రానిస్తుంది, చదరపు హుడ్డు 23 భాగాలనే రానిస్తుంది. మంచి వైడ్ యాంగిల్ హుడ్లు చదరంగానో, పూరేకుల్లా అంచులు కత్తిరించో ఉండేది అందుకే. పూరేకుల హుడ్డులో మూలల దగ్గర గోడ పొట్టిగా, పక్కల దగ్గర పొడుగ్గా ఉంటుంది. దాన్ని ఒక్క పిసరు తిప్పి పెట్టినా ఫొటో మూలలు నల్లబడతాయి.

సూపర్ వైడ్‌లో మరో చిక్కుంది. లెన్సులోంచి చూసే అద్దం లేదు కదా. వ్యూఫైండరు లెన్సు పైన కూర్చుని విడిగా చూస్తుంది. దాని అడుగుభాగానికి లెన్సు గొట్టమే అడ్డొస్తుంది. హుడ్డు పెడితే ఆ అడ్డు ఇంకా పెరుగుతుంది. పైగా హుడ్డు ఫ్రేమును కోస్తోందో లేదో వ్యూఫైండరులో తెలియనే తెలియదు. ఫిల్ము కడిగాకే తెలుస్తుంది. అరచేతితోనో టోపీతోనో సూర్యుడిని అడ్డుకునే అలవాటున్న వాళ్లకు ఈ కెమెరా అదే పాఠం చెబుతుంది: 92 డిగ్రీల చూపులో మన వేళ్లు సులువుగా ఫొటోలోకి వచ్చేస్తాయి.

హుడ్డు లోపలి నలుపు కూడా ముఖ్యమే. ఎదురుగా చూస్తే నల్లగా కనిపించే పెయింటు, కాంతి దాని మీదుగా రాసుకుంటూ పోయే కోణంలో చూస్తే మెరుస్తుంది. తారురోడ్డు ఎండలో దూరాన మెరవడం మనం చూసిందే. అందుకే మంచి హుడ్ల లోపల సన్నని గాడులు పెడతారు, లేదా నల్ల మఖమల్ లాంటి నూగుగుడ్డ అంటిస్తారు. గాడి అంచు రాసుకుంటూ వచ్చే కాంతిని ఎదుర్కొని మింగేస్తుంది. పెయింటు ఊడి నునుపుదేలిన పాత హుడ్డు కొన్నిచోట్ల మేలు కన్నా కీడే చేస్తుంది.

45 నుంచి 66కు

హుడ్డు దృశ్యపు దారిలో ఏమీ పెట్టదు. ఫిల్టరు అలా కాదు, రెండు కొత్త గాజు ఉపరితలాలను తెచ్చి నిలబెడుతుంది.

పూత లేని గాజు తన ప్రతి ఉపరితలం మీద సుమారు 4 శాతం కాంతిని వెనక్కి కొడుతుంది. బయోగాన్‌లో 5 గుంపులు కాబట్టి గాలీ గాజూ కలిసే ఉపరితలాలు 10. పూత లేకపోతే పదింటినీ దాటేసరికి కాంతిలో మూడో వంతు పోతుంది. 1892లో ఇంగ్లండులో డెన్నిస్ టేలర్ ఒక వింత గమనించాడు. ఏళ్లు గడిచి పైపొర మారిన పాత లెన్సులు కొత్తవాటికన్నా ఎక్కువ కాంతిని పంపుతున్నాయి. ఆ ఫలితాన్ని కావాలని రాబట్టే పద్ధతిని 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మకులా కనిపెట్టాడు. కాంతి తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు మందమున్న పారదర్శక పొరను గాజు మీద పూస్తే, పొర పైనుంచీ కిందినుంచీ పరావర్తనం చెందే తరంగాలు ఒకదాన్నొకటి చాలావరకు రద్దు చేసుకుంటాయి. ఒక పొర పూత ఉంటే నష్టం 1.5 శాతానికి, 1970లలో వచ్చిన బహుళ పొరల పూతతో అర శాతం లోపుకు దిగింది. జైస్ లెన్సుల మీద టి పక్కన ఎర్ర నక్షత్రం గుర్తు ఈ పూతదే.

ఇక ఫిల్టరుకు వద్దాం. దొంగబొమ్మ పుట్టాలంటే రెండు ఉపరితలాలు జత కలవాలి. 10 ఉపరితలాలకు అలాంటి జతలు 45. ఫిల్టరు తగిలిస్తే ఉపరితలాలు 12, జతలు 66. పూత లేని రెండు ఉపరితలాల జత సూర్యుడి కాంతిలో 600కు ఒక వంతును దొంగబొమ్మకు అప్పగిస్తుంది. మంచి బహుళ పూత ఉన్న జత లక్షకు ఒక వంతును మాత్రమే. ఖరీదైన లెన్సు ముందు చవక ఫిల్టరు తగిలించడమంటే, పదింటికి చేసిన కష్టాన్ని రెండింటితో పాడుచేసుకోవడమే.

బల్లపరుపు ఫిల్టరుకు దానిదే అయిన ఒక దోషం ఉంది. రాత్రి వీధిదీపాన్ని ఫొటో తీశామనుకుందాం. దీపం బొమ్మ ఫిల్ము మీద పడ్డాక, ఆ కాంతిలో కొంత ఫిల్ము నుంచి వెనక్కి తిరిగి లెన్సులోంచి బయటికి వస్తుంది. బయటికి వచ్చేటప్పుడు అది సమాంతర కిరణాల కట్ట. బల్లపరుపు ఫిల్టరు దాన్ని అద్దంలా తిప్పికొడుతుంది. అది మళ్లీ లెన్సులోకి వెళ్లి, ఫ్రేము కేంద్రానికి సరిగ్గా అవతలి వైపున, తలకిందులై, పదునుగా నిలుస్తుంది. వంపు తిరిగిన కటకాలు దొంగబొమ్మను చెదరగొట్టి పలచన చేస్తాయి. చదునైన ఫిల్టరు దాన్ని కేంద్రీకరిస్తుంది. రాత్రి దీపాలను తీసేటప్పుడు ఫిల్టరు విప్పేయడం మంచిది.

ఫిల్టరు ఫోకసును చెడగొడుతుందా అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. దూరపు దృశ్యం నుంచి వచ్చే కిరణాలు సమాంతరంగా వస్తాయి. లెన్సు ముందు పెట్టిన సమతల గాజు వాటిని కాస్త పక్కకు జరుపుతుంది, దిశ మార్చదు. కాబట్టి ఫోకసు మారదు. అదే గాజును లెన్సు వెనక పెడితే దాని మందంలో సుమారు మూడో వంతు మేర ఫోకసు జరిగిపోతుంది. వెనక కటకానికీ ఫిల్ముకూ మధ్య చోటు తక్కువైన సూపర్ వైడ్‌లో ఫిల్టరు ముందే ఉండడం మన అదృష్టం.

రంగుటద్దం ఎందుకు?

ఇన్ని నష్టాలుంటే ఫిల్టరు ఎందుకు వాడాలి? బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముకు దాని అవసరం గట్టిది. ఫిల్ము నీలానికి బాగా స్పందిస్తుంది. ఆకాశం నీలం. అందుకే ఫిల్టరు లేని ఫొటోలో ఆకాశం తెల్లగా పాలిపోయి మబ్బులు అందులో కలిసిపోతాయి. పసుపు ఫిల్టరు నీలాన్ని కొంత ఆపుతుంది. నారింజ ఇంకా ఆపుతుంది. ఎరుపు దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. దీనికి మూల్యం కాంతి రూపంలో చెల్లించాలి. పసుపుకు రెట్టింపు ఎక్స్‌పోజరు, నారింజకు నాలుగు రెట్లు, ఎరుపుకు ఎనిమిది రెట్లు. ఈ ఫిల్టర్లకు ఇప్పటికీ వాడే 8, 25 లాంటి నంబర్లు ఇంగ్లండులోని రాటెన్ కంపెనీ పేరు మీద వచ్చినవి. 1912లో ఆ కంపెనీని కొడాక్ కొనేసింది.

అమెరికాలోని యోసెమిటీ లోయలో 1927 ఏప్రిల్‌లో ఫొటోగ్రాఫరు ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ కొండను మొదట పసుపు ఫిల్టరుతో తీశాడు. తరువాత మిగిలిన ప్లేటు మీద ముదురు ఎరుపు ఫిల్టరుతో తీశాడు. రెండో చిత్రంలో ఆకాశం దాదాపు నల్లగా, కొండ దానిముందు లేచి నిలబడినట్టుగా వచ్చింది. తన జీవితంలో కీలకమైన చిత్రాల్లో ఒకటిగా ఆయన దాన్నే చెప్పుకున్నాడు.

ఎరుపు ఫిల్టరు దూరపు మసకను కోస్తుందన్న మాటకూ కారణముంది. గాలి అణువుల వల్ల జరిగే పరిక్షేపణం తరంగదైర్ఘ్యపు నాలుగో ఘాతానికి విలోమంగా ఉంటుంది. 450 నానోమీటర్ల నీలం 650 నానోమీటర్ల ఎరుపు కన్నా నాలుగు రెట్లకు పైగా చెదురుతుంది. ఆ నీలాన్ని వదిలేస్తే దూరపు కొండలు తేటపడతాయి. పొగమంచు బిందువులు కాంతి తరంగాల కన్నా చాలా పెద్దవి. అవి అన్ని రంగులనూ సమంగా చెదరగొడతాయి కాబట్టి వాటి ముందు ఏ ఫిల్టరూ పనిచేయదు.

మూలల్లో గాజు మందమవుతుంది

ఇక్కడ కోణం మళ్లీ రంగంలోకి వస్తుంది. ఫ్రేము మధ్యకు వెళ్లే కిరణం ఫిల్టరును నిట్టనిలువుగా దాటుతుంది. మూలకు వెళ్లే కిరణం 46 డిగ్రీల వాలుతో దాటుతుంది. గాజులోకి వెళ్లగానే వక్రీభవనం వల్ల ఆ వాలు 28 డిగ్రీలకు తగ్గుతుంది. అయినా దాని దారి మధ్య కిరణం దారి కన్నా సుమారు 13 శాతం పొడుగు. లేత పసుపు ఫిల్టరుకు ఈ తేడా లెక్కలోకి రాదు. కాంతిని బాగా మింగే బూడిదరంగు గాజు ఫిల్టర్లకు వస్తుంది. ఒక స్టాప్ అంటే కాంతి సగం కావడం. మధ్యలో 6 స్టాప్‌లు తగ్గించే ఫిల్టరు మూలల్లో 6.8 తగ్గిస్తుంది. 10 స్టాప్‌ల ఫిల్టరు మూలల్లో 11 దాటుతుంది.

ఇది అసలే ఉన్న ఒక లోటు మీద అదనంగా వచ్చి పడుతుంది. కాంతి తన వాలు కోణపు కొసైన్ విలువకు నాలుగో ఘాతం చొప్పున తగ్గుతుందన్నది సూత్రం. 46 డిగ్రీల దగ్గర అది మధ్యభాగపు వెలుగులో నాలుగో వంతు కూడా కాదు. బయోగాన్ రూపకల్పన ఈ నష్టాన్ని కొంత పూడుస్తుంది. బయటికి ఉబ్బిన పెద్ద కటకాల మహిమ వల్ల, పక్కనుంచి చూసినప్పుడు అపర్చరు రంధ్రం మనం ఊహించినంత నలిగిపోయినట్టు కనబడదు. పూర్తిగా మాత్రం పూడ్చలేదు. స్లైడు ఫిల్ము మీద నీలాకాశం తీస్తే మూలలు ముదురుగా వస్తాయి.

దీనికి విరుగుడు కూడా ఒక ఫిల్టరే. మధ్యలో బూడిదరంగుతో మొదలై అంచులకు పోయేకొద్దీ తేటపడే సెంటర్ ఫిల్టరు అది. ష్నైడర్ సంస్థ తన సూపర్ అంగులాన్ లెన్సుల కోసం ఇలాంటివి చేసింది. 1998లో వచ్చిన హాసెల్‌బ్లాడ్ ఎక్స్‌పాన్ పనోరమా కెమెరా 30 మి.మీ. లెన్సుకూ ఒకటి ఉంది. అది అంచులకు వెలుగు ఇవ్వదు, మధ్య వెలుగును తగ్గించి అంచులతో సమం చేస్తుంది. ఆ మేరకు ఎక్స్‌పోజరు పెంచాలి.

గాజు సంగతి అలా ఉంచి ఫిల్టరు అంచు కట్టు చూద్దాం. ఫిల్టరును పట్టుకుని ఉండే లోహపు రింగు కూడా ఒక హుడ్డే. మన లెక్క ప్రకారం అది 1 మి.మీ. ముందుకు వస్తే మూలవైపు 1 మి.మీ. పైగా వెడల్పు అడుగుతుంది. ఒక ఫిల్టరు మీద ఇంకో ఫిల్టరు పెడితే మూలలు పోవడానికి అదే కారణం. సి రకం లెన్సున్న పాత సూపర్ వైడ్‌కు 63 మి.మీ. గుండ్రటి ఫిల్టర్లు వచ్చేవి. వాటికి మరలుండవు. లెన్సు ముందున్న గూట్లో కూర్చోబెట్టి పైనుంచి రింగుతో బిగించాలి. తరవాతి రకాలకు 60 సైజు బయొనెట్ వచ్చింది. పాత సి రకం మామూలు హాసెల్‌బ్లాడ్ లెన్సులకేమో 50 సైజు. చేతిలో ఉన్న ఫిల్టరు ఈ కెమెరాకు పట్టకపోవడం పాత సామాను కొనేవాళ్లకు మామూలే. అడాప్టర్ రింగు దొరుకుతుంది, కానీ దాని మందాన్ని కూడా ఆ లెక్కలో కలుపుకోవాలి.

పోలరైజరు పెట్టే పేచీ

నీలాకాశపు కాంతిలో ధ్రువణం ఉంటుంది, అంటే దాని తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగుతాయి. సూర్యుడి నుంచి 90 డిగ్రీల దూరంలో ఉన్న ఆకాశంలో అది గరిష్ఠం. అటూ ఇటూ పోయేకొద్దీ తగ్గుతుంది. పోలరైజరును సరైన దిశకు తిప్పితే ధ్రువణం చెందిన కాంతి ఆగిపోయి ఆకాశం ముదురుతుంది. టెలిఫొటో లెన్సు చూసే చిన్న ముక్కలో ఈ మార్పు సమంగా ఉంటుంది. బయోగాన్ 73 డిగ్రీల ఆకాశాన్ని చూస్తుంది. గరిష్ఠ ధ్రువణమున్న చోటు ఫ్రేము మధ్యలో ఉంటే, పక్క అంచులు దానికి 36 డిగ్రీల దూరంలో ఉంటాయి. సిద్ధాంతం ప్రకారం అక్కడ ధ్రువణం మధ్యలోని దాంట్లో సగం కూడా కాదు. ఫలితంగా ఆకాశం మధ్యలో ముదురు నీలం పట్టీ, ఇరుపక్కలా లేత నీలం. తీసినవాళ్లు తప్ప ఎవరూ దాన్ని ప్రకృతి అనుకోరు.

నీటి మీద మెరుపు తీసేయడానికి పోలరైజరు వాడినప్పుడూ ఇంతే. నీటిపై పరావర్తనం చెందిన కాంతి, లంబంతో 53 డిగ్రీల కోణం దగ్గర పూర్తిగా ధ్రువణం చెందుతుంది. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి.రామన్ 1921లో ఓడలో స్వదేశానికి తిరిగివస్తూ పోలరైజరులా పనిచేసే ఒక నికోల్ పట్టకం దగ్గర ఉంచుకున్నాడు. దాంతో సముద్రం మీది ఆకాశపు ప్రతిబింబాన్ని తుడిచేసి చూస్తే నీలం పోలేదు, ఇంకా చిక్కబడింది. సముద్రపు నీలం ఆకాశానికి ప్రతిబింబం మాత్రమే కాదనీ, నీరు తానే కాంతిని పరిక్షేపణం చేస్తోందనీ ఆయన గ్రహించాడు. ఆయన చూసింది ఒక కోణంలో ఒక చిన్న ముక్క. వైడ్ యాంగిల్ లెన్సు కాళ్లముందు నీటి నుంచి దూరపు ఒడ్డు దాకా అన్ని కోణాలనూ ఒకే ఫ్రేములో చూస్తుంది. కాబట్టి మెరుపు ఒక పట్టీలోనే పోతుంది, మిగతా చోట్ల మిగిలిపోతుంది.

సూపర్ వైడ్‌తో పోలరైజరు వాడే పద్ధతి వేరు. వ్యూఫైండరులో దాని ప్రభావం కనబడదు. ఫిల్టరును కంటి ముందు పెట్టుకుని తిప్పి చూసి, అంచు మీది గుర్తు ఏ దిశలో ఉందో గమనించి, అదే దిశలో లెన్సుకు తగిలించాలి. ఒక సుఖం మాత్రం ఉంది. అద్దం, లోపలి లైట్ మీటరు ఉన్న కెమెరాల కోసమే సర్క్యులర్ పోలరైజర్లు చేశారు. ఆ రెండూ లేని ఈ కెమెరాకు చవకైన లీనియర్ పోలరైజరే సరిపోతుంది.

ఒక్క నీటిచుక్క

లెన్సు మీది చిన్న మరక ఫొటోలో కనబడదని అంటారు. టెలిఫొటోకు ఆ మాట నిజం. 250 మి.మీ. లెన్సును ఎఫ్/5.6 దగ్గర వాడితే ఒక్కో బిందువు నుంచి వచ్చే కిరణాల కట్ట వ్యాసం 45 మి.మీ. దారిలో 2 మి.మీ. చుక్క ఉన్నా అది ఆపేది చాలా స్వల్పం. 38 మి.మీ. లెన్సుకు పూర్తిగా తెరిచినా కట్ట వ్యాసం 8.4 మి.మీ. ఎఫ్/22 దగ్గర 1.7 మి.మీ. ఫిల్టరు వెడల్పుగా ఉన్నా, ఫొటోలోని ఒక్కో భాగం దానిలో ఒక చిన్న మచ్చ మేరనే వాడుకుంటుంది. 2 మి.మీ. వానచుక్క ఆ మచ్చను పూర్తిగా కప్పేయగలదు. ఆ మూలలో ఫొటో కరిగిపోయినట్టు వస్తుంది. మిగతా ఫ్రేమంతా నిక్షేపంగా ఉంటుంది. తప్పు లెన్సుదో ఫిల్ముదో అనుకుని వెతుక్కోవాల్సి వస్తుంది.

అందుకే రక్షణ కోసమని ఎప్పుడూ ఒక తేట ఫిల్టరు తగిలించి ఉంచడం వైడ్ యాంగిల్‌కు నప్పదు. గాజు ఉబ్బెత్తుగా ఉన్న లెన్సుకు దెబ్బ తగలకుండా హుడ్డు కాపాడుతుంది, పైగా కాంతి దారిలో ఏమీ పెట్టదు. అతినీలలోహిత కిరణాలను ఆపడానికంటారా, లెన్సులోని గాజే వాటిలో చాలా భాగాన్ని మింగేస్తుంది. సముద్రపు తుంపర, ఎగిరే ఇసుక ఉన్నచోట మాత్రం తేట ఫిల్టరు వాడటం న్యాయమే.

చేతిలో ఇలాంటి పాత కెమెరా ఉన్నవాళ్లు ఏదైనా హుడ్డునో ఫిల్టరునో నమ్మే ముందు ఒక పరీక్ష చేయవచ్చు. ఫిల్ము డబ్బా తీసేసి, షట్టరును బి మీద పెట్టి, తాళం వేసే కేబుల్ రిలీజుతో తెరిచి ఉంచండి. ఫిల్ము ఉండే చదరపు కిటికీ మూలకు కన్ను చేర్చి లెన్సులోంచి బయటికి చూడండి. అపర్చరు రంధ్రం నిండుగా కనబడితే మంచిదే. దాన్ని హుడ్డు అంచు కొరికినట్టు కనబడితే ఆ మూల నల్లబడుతుంది. ఈ పరీక్ష పూర్తి అపర్చరులోనూ, ఎఫ్/22లోనూ చేయాలి. తెరిచిన అపర్చరులో కోత నెమ్మదిగా పలచబడుతూ వస్తుంది కాబట్టి పసిగట్టలేం. మూసిన అపర్చరులో అదే కోత స్పష్టమైన అంచుతో కనిపిస్తుంది. నాలుగు మూలలూ చూడాలి.

చివరికి తేలేది ఇది. వైడ్ యాంగిల్ లెన్సుకు హుడ్డు ఎప్పుడూ ఉండాలి, అది చదరమైతే మరీ మేలు. ఫిల్టరు మాత్రం చేయాల్సిన పని ఉన్నప్పుడే ఉండాలి, ఒకటికి మించి ఉండకూడదు, పూత లేనిదైతే అసలు ఉండకూడదు. పాత సామాను అమ్మేవాళ్లు హుడ్డు మీద కంపెనీ పేరు చూపించి ధర చెబుతారు. మీరు స్కేలు తీసి దాని లోతూ, నోటి వెడల్పూ కొలిచి, టాన్ తీటాతో సరిచూసి కొనండి.